ఉయ్యాల వెనక గోడ

ముప్పై ఏళ్ళుగా ఊళ్ళో పొగగొట్టాలన్నీ ఎక్కి దిగిన మనిషి. అందరూ మసి మేస్త్రి అనేవారు. ఎంత రుద్దినా గోళ్ళ సందుల్లో నలుపు పోయేది కాదు. ఆ నలుపంటే కూతురికి చిన్నప్పటినుంచీ తలవంపులు. ఒకసారి ఆమె మరిచిపోయిన పుస్తకం పట్టుకుని ఆయన బడికి వెళితే, "ఎవరే ఆయన?" అన్న స్నేహితురాలికి "మా పనివాడు" అని చెప్పిన పిల్ల. ఇష్టపడి పెళ్ళి చేసుకునేటప్పుడైతే ఏకంగా నాన్న పోయాడనే చెప్పేసింది అత్తవారికి. బతికున్న మనిషిని! ఆ మాట తెలిసి మేస్త్రి రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు పనికి వెళ్ళిపోయాడు. ఏం చేస్తాడు మరి?

అలాంటి కూతురు మూడేళ్ళకి ఫోన్ చేసింది. పొద్దున్న లేచేసరికి తనకి తలనొప్పి, పసివాడికి వాంతులు, కాసేపు బయట తిరిగితే తగ్గిపోతోందట. అది పొయ్యి పొగ పనేనని మేస్త్రికి వెంటనే అర్థమైంది.

"ముందు పొయ్యి ఆర్పెయ్. కిటికీలు తెరువు."

"అత్తయ్య ఒప్పుకోరు నాన్నా. రేపు రా. మేస్త్రిగానే రా. నోరు జారావంటే నా కాపురం బుగ్గే."

మర్నాడు వాళ్ళ ఊరికి మేస్త్రిగానే వెళ్ళాడు. కూతురు మొహం చూడకుండా "ఇటు రండి" అంది. అత్తగారు గుమ్మంలోంచి పొయ్యి దాకా పాత గోనెలు పరిచి, "వీటిమీదే నడువు, ఏదీ ముట్టుకోకు" అంది.

హాల్లో చలికాచుకునే తాతలనాటి ఇనుప పొయ్యి. దాని గొట్టాన్ని వెనకనున్న ఇటుక పొగగొట్టంలోకి జానెడు దూర్చి వదిలేశారు, అంతే! ఇరుకు గొట్టంలోంచి వచ్చిన పొగ ఆ వెడల్పులో చల్లబడి పైకి లేవదు. జిగురు తారై ఇటుకలకి అంటుకుంటుంది, సందుల్లో సున్నాన్ని తినేస్తుంది. పొయ్యి దగ్గర్నుంచి కప్పు పైదాకా ఎక్కడా తెగకుండా ఇనుప గొట్టం వెయ్యాలి. బుద్ధున్న ఏ మేస్త్రికైనా తెలిసిన సంగతే.

ఆయన పద్ధతి ఒకటుంది. కప్పెక్కి పొగగొట్టం మూతిని తడిగోనెతో మూసేసి, కింద పొయ్యిలో గుప్పెడు తడిగడ్డి ముట్టించి, పొగ ఎక్కడ బయటపడుతుందో గది గదీ తిరిగి చూస్తాడు. పై గదిలో, సరిగ్గా పసివాడి ఉయ్యాల వెనక, పువ్వుల కాగితం అతికించిన గోడలోంచి పొగ సన్నగా వస్తోంది. కాగితం కొస పట్టి లాగాడు. వెనకంతా గోధుమరంగు జిడ్డు.

"అయ్యో అయ్యో, చింపేశాడు! మరక అసహ్యంగా ఉందని నేనే ముచ్చటపడి అతికించాను," అంది అత్తగారు.

"అది మరక కాదమ్మా, విషం కారిన జాడ. ఈ కనబడే పొగే నయం. కనబడనిది, వాసనైనా లేనిది ఇంకొకటుంటుంది. నిద్రలోనే ప్రాణం తీసేస్తుంది. గొట్టం వేసేదాకా పొయ్యి వెలిగించకండి."

"సాయంత్రం చుట్టాలొస్తున్నారు, వాళ్ళు చలికి చావాలా? మసి దులపమంటే ప్రాణాలంటాడేమిటి!"

మేస్త్రి కూతురి వైపు చూశాడు. ఆమె ఒక్క మాటంటే చాలు. పసివాడు ఆమె భుజంమీద సోలిపోయి ఉన్నాడు.

"అత్తయ్య చెప్పినట్టు దులిపేసి వెళ్ళండి," అంది కూతురు.

కింద అల్లుడు అప్పటికే కట్టెలు తెచ్చి పొయ్యి పక్కన పేరుస్తున్నాడు. మేస్త్రి కప్పెక్కి గోనె తీసేశాడు, దిగివచ్చి గడ్డి ఆర్పాడు. తర్వాత సంచిలోంచి పెద్ద సుత్తి తీశాడు. పోత ఇనుము పెళుసు కదా, మూడు దెబ్బలకి పొయ్యి నిలువునా పగిలింది. నాలుగో దెబ్బ ఎందుకు కొట్టాడో ఆయనకే తెలియదు.

అల్లుడు వచ్చి మేస్త్రి చెంప ఛెళ్ళుమనిపించాడు. "ఎవడే వీడు? ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చావ్?" అని అత్తగారు కోడలి మీద విరుచుకుపడింది.

"నాకేం తెలుసు అత్తయ్యా? ఎవరో ఇచ్చిన నంబరు. తాగొచ్చినట్టున్నాడు, గెంటేయండి."

జన్మలో చుక్క ముట్టని మనిషి. అల్లుడు మెడపట్టి తోస్తే మెట్లమీద బోర్లా పడ్డాడు. పెదవి చిట్లింది. "మీ నాన్నే బతికుంటే ఇలాంటివాణ్ణి గడప తొక్కనిచ్చేవాడా?" అని అత్తగారు లోపల అంటూనే ఉంది. "తొక్కనిచ్చేవాడు కాదత్తయ్యా" అంది కూతురు.

ఆ రాత్రి చుట్టాలు చలికి గజగజ వణుకుతూ మేస్త్రిని నోరారా తిట్టారు. పొద్దున్న అందరూ లేచారు. పసివాడికి వాంతి కాలేదు, కూతురికి తలనొప్పీ లేదు. లేవగానే ఆమె మొదట చేసిన పని ఫోన్లోంచి ఆయన నంబరు తీసెయ్యడం.