నేను కొండెక్కని శుక్రవారం

దయ్యాల కబుర్లు ఎవరైనా మొదలుపెడితే మధ్యలో నవ్వి చెడగొట్టే రకం నేను. పదిహేనేళ్లుగా చింతపల్లిలో కంప్యూటర్లు రిపేరు చేస్తున్నాను. కరెంటు అందితే వెలుగుతుంది, అందకపోతే వెలగదు. నాకు తెలిసిన లోకం అంతే. ఇది చదివి మీరు నవ్వినా నేనేమీ అనుకోను.

బొంజుబాబు మాస్టారిది జి.మాడుగుల వైపు కొండమీద ఒక ఊరు. రిటైరయ్యాక ముసలివాళ్ల చేత తమ భాషలో పాటలు పాడించి, పాత సంగతులు చెప్పించి వీడియోలు తీసేవారు. ఆ పని కోసమే, పెళ్లి వీడియోల స్టూడియో వాళ్లు వదిలించుకున్న కంప్యూటర్ ఒకటి నా చేత కొనిపించారు. మాస్టారి అమ్మ సామలు దంచుతూ పాడిన వీడియో అందులోనే ఉంది. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ఆవిడ బొమ్మ మరెక్కడా లేదు.

మొన్నటి వానాకాలంలో పిడుగు పడి దాని పవర్ సప్లయ్ కాలిపోయింది. అప్పటికే మాస్టారు కిడ్నీలు పాడై మంచం పట్టారు. ఆయన భార్య కాసులమ్మగారు కంప్యూటర్ డబ్బాను దుప్పట్లో చుట్టి జీపులో నా షాపుకు పంపారు. కొత్త సప్లయ్ వేసి స్విచ్ నొక్కాను. ఫ్యాన్ తిరిగింది, లైటు వెలిగింది. ఇక మానిటర్ తగిలించి చూడాలి. బయట జీపు నిండిపోయి, డ్రైవర్ హారన్ మీద హారన్ కొడుతున్నాడు. అది పోతే మళ్లీ మర్నాడే. చూడకుండానే ఎక్కించేశాను.

సాయంత్రం మాస్టారు ఫోన్ చేశారు. "ఫేను తిరుగుతంది గానీ బొమ్మ రాలేదు బాబూ. తెరంతా నల్లగా ఉంది."

ఫోన్‌లోనే వైద్యం మొదలుపెట్టాను. మానిటర్ కేబుల్ పీకి మళ్లీ పెట్టమన్నాను. ర్యామ్ తీసి రబ్బరుతో రుద్దమన్నాను. పాపం, కాసులమ్మగారు ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని అన్నీ చేశారు. ఏం చేసినా రాలేదు. "మీరేదో తప్పు పెట్టుంటారమ్మా" అని విసుక్కున్నాను కూడా.

ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది. వీడియో పని కోసం ఆ కంప్యూటర్లో, తెరకు బొమ్మ పంపే పెద్ద డిస్‌ప్లే కార్డు ఉంది. దానికి విడిగా కరెంటు ఇవ్వాలి. పాత సప్లయ్‌కి ఆ వైరు ఉండేది, నేను వేసిన చవకరకానికి లేదు. చిన్న కన్వర్టర్ వైరు తగిలిస్తే ఐదు నిమిషాల పని. తప్పు నాది. మళ్లీ ఫోన్ చేసి ఆ మాట మాత్రం అనలేదు. "రేపు వస్తాను మాస్టారూ" అన్నాను.

ఆ రేపు పదకొండు రోజులు సాగింది. ఒకరోజు వాన, ఒకరోజు షాపులో జనం, మిగతావన్నీ బద్ధకం. హార్డ్ డిస్క్ విప్పి నా ల్యాప్‌టాప్‌కి తగిలించి చూపించినా సరిపోయేది. దానికైనా కొండెక్కాలి కదా. మాస్టారు రోజూ ఫోన్ చేసేవారు. గొంతు రోజురోజుకీ పీలగా అయిపోయింది. "బేగి రా బాబూ, అమ్మని ఒక్కసారి సూసుకుంటాను" అనేవారు. చివరికి ఆయన నంబరు కనబడితే ఎత్తడం మానేశాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

పన్నెండో రోజు శుక్రవారం. ఆ రోజంతా నర్సీపట్నంలో మా బావమరిది గృహప్రవేశంలో ఉన్నాను. శనివారం పొద్దున్నే కన్వర్టర్ వైరు చొక్కా జేబులో వేసుకుని జీపెక్కాను.

వెళ్లేసరికి ఇంటి ముందు జనం. మాస్టారు తెల్లవారుజామున పోయారు.

నన్ను చూడగానే కాసులమ్మగారు లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు. తిడతారనుకున్నాను.

"నిన్న నువ్వు వచ్చి బాగుసేసి ఎల్లబట్టి సరిపోనాది బాబూ. పొద్దుగూకీదాకా అమ్మనే సూసుకుంత తొంగున్నారు."

దుఃఖంలో ఎవరినో చూసి నేననుకున్నారని సర్దిచెప్పుకున్నాను. లోపలికి వెళ్లి స్విచ్ నొక్కాను. తెర వెలిగింది.

డబ్బా పక్క రేకు విప్పాను. కార్డుకి కన్వర్టర్ వైరు తగిలించి ఉంది. మిగతా వైర్లన్నీ దగ్గరికి లాగి, సైకిల్ ట్యూబు నుంచి కోసిన రింగుతో రెండు చుట్లు వేసి బిగించి ఉన్నాయి. అందరూ ప్లాస్టిక్ టైలు వాడతారు. ట్యూబు రింగులు వాడేది, నాకు తెలిసి ఈ చుట్టుపక్కల నేనొక్కణ్నే. జీపు హడావిడిలో ఆ రోజు నేను వైర్లు కట్టనేలేదు. జేబు తడుముకున్నాను. నా కన్వర్టర్ నా దగ్గరే ఉంది.

తర్వాత జీపు డ్రైవర్‌ని అడిగాను. శుక్రవారం మెకానిక్ ఎవరూ ఎక్కలేదన్నాడు. పాడేరు దాకా ఉన్న రిపేరు షాపులన్నీ అడిగాను, ఎవరూ ఆ ఊరు వెళ్లలేదు. గృహప్రవేశం ఫోటోలు తిరగేశాను. మధ్యాహ్నం పంక్తిలో సాంబారు వడ్డిస్తూ నేను స్పష్టంగా ఉన్నాను.

దినం నాడు కాసులమ్మగారు కబురు పెట్టి పిలిపించారు. మాస్టారికి ఆఖరి సాయం చేసినవాణ్నని అందరి ముందూ నా భుజం మీద కొత్త తువ్వాలు వేశారు. వేయించుకున్నాను. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. చెబితే ఆవిడకి మిగిలిన ఆ ఒక్క సాయంత్రం కూడా పాడవుతుందని ఆగాను. నా పరువు కోసం కూడా ఆగాను. రెండూ నిజమే.

భోజనాలయ్యాక ఉండబట్టలేక అడిగాను. "అమ్మా, ఆ రోజు నేను మాస్టారితో ఏమైనా అన్నానా?"

"ఏటి బాబూ, మర్సిపోనావా?" అన్నారావిడ. "వచ్చీరాగానే ఆయన మంచం కాడ కూకున్నావు. లేటు సేసేసినాను మాస్టారూ, తప్పు నాదే, ఆ వైరు నేనే మర్సిపోనాను అన్నావు. ఆయన నీ సెయ్యట్టుకుని నవ్వినారు. వచ్చినావు కదా, సాలు అన్నారు."

వైరు సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకి కూడా. ఆయన నోటి నుంచి ఆ "సాలు" అన్న మాట వినడానికి ఇప్పుడు నేను ఏ కొండైనా ఎక్కుతాను. ఆ శుక్రవారం మాస్టారు ఎవరి చెయ్యి పట్టుకుని, ఎవరిని క్షమించి వెళ్లారో నాకు ఇప్పటికీ తెలియదు.