గడియారం పాఠం చెప్పిన వారం

ప్రతి సోమవారం పొద్దున్నే మా మనవరాలి బడి నుంచి మా అమ్మాయి ఫోనుకి ఒక కబురు వస్తుంది, ఈ వారం మీ పాప క్లాసులో ఏమేమి నేర్చుకోబోతోందో చెబుతూ. ఆఫీసు కంగారులో ఉన్న మా అమ్మాయికి దాన్ని చదివే తీరిక ఉండదు కనుక ఫోను నా చేతిలో పెట్టి తయారవడానికి వెళ్ళిపోతుంది, నేను కళ్ళద్దాలు తుడుచుకుని ఆ ఇంగ్లీషు ముక్కల్ని కూడబలుక్కుంటూ చదువుతాను. మొన్న వచ్చినదాంట్లో ఆకుల్లో రకాలు, చిన్న చిన్న తీసివేతలు, పక్కవాళ్ళతో పంచుకు తినడం (ఇదీ ఒక పాఠమేనట, ఒకప్పుడు నేను చదువు చెప్పిన పిల్లలకి పంచుకోవడానికి ఏదైనా ఉంటే కదా నేర్పడానికి!), చివర్న గడియారం చూసి టైము చెప్పడం అని ఉంది. ఆ చివరి ముక్క దగ్గర చదవడం ఆపి కళ్ళద్దాలు తీసేశాను. ఏమైందమ్మా అని మా అమ్మాయి అడిగితే ఏమీ లేదన్నాను. ఆఫీసుకి వెళ్ళేదానికి పొద్దున్నే ఏడుపు కథలెందుకు? మీరైతే నా ఈడువాళ్ళు, కూర్చుని వినే ఓపిక ఉన్నవాళ్ళు, మీకు చెప్పుకోవచ్చు.

హైటెక్ సిటీ కొత్తగా లేచిన రోజులవి. సినిమావాళ్ళ వెంట మద్రాసు వదిలి హైదరాబాదు చేరిన కుటుంబం మాది. మా ఆయన కాస్ట్యూమ్స్ డిపార్టుమెంటులో పనిచేసేవారు, అంటే ఏ సీనుకి ఏ చొక్కానో, ఆ చొక్కాకి ఎన్ని గుండీలు పెట్టి ఉన్నాయో గుర్తుపెట్టుకునే పని. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో మాత్రం ఆయనకి ఏనాడూ గుర్తుండేది కాదు. కృష్ణానగర్‌లో రెండు గదుల వాటాలో ఉండేవాళ్ళం. నేను ఫిల్మ్‌నగర్ గుట్ట దిగి షేక్‌పేట వైపు వెళ్ళే దోవలో ఉన్న చిన్న సర్కారు బడిలో విద్యా వాలంటీరుగా చేరాను. రేకుల కప్పు కింద రెండు గదులు, నేను, పెద్దసారు, ఒక ఆయమ్మ, అంతే మా బడి. తలెత్తి చూస్తే గుట్టమీద జూబ్లీహిల్స్ బంగళాల ప్రహరీ గోడలు, వాటిమీంచి కిందికి వేలాడే కాగితప్పూలు. ఆ బంగళాలు కట్టేవాళ్ళ పిల్లలు, వాటికి కాపలా కాసేవాళ్ళ పిల్లలు, అన్నిటికంటే ఎక్కువగా జూనియర్ ఆర్టిస్టుల పిల్లలు మా దగ్గర చదివేవారు.

ఆ రోజుల్లో జనానికి ఇంగ్లీషు పిచ్చి ఎంతగా పట్టిందో మీకు నేను చెప్పక్కర్లేదు. గల్లీకొక కాన్వెంటు వెలిసింది, ముక్కు తుడుచుకోవడం రాని పసివాడి మెడకి కూడా టై బిగించారు, ఆ టై కట్టుకుని నడిస్తే నేరుగా అద్దాల మేడలోకి ఉద్యోగానికి వెళ్ళిపోవచ్చన్నట్టు తల్లిదండ్రులు కలలు కన్నారు. అలా మా తెలుగు బడికి వచ్చేవాళ్ళు తగ్గిపోతూ వచ్చారు. టై కొనలేనివాళ్ళు మాకు మిగిలారు.

నాకొక అలవాటుండేది. బడి గేటు పక్క గోడకి నల్లరంగు పూయించి, ప్రతి సోమవారం దానిమీద సుద్దముక్కతో ఆ వారం ఏ తరగతికి ఏ పాఠమో రాసేదాన్ని. తెల్లారకముందే షూటింగుకి బయల్దేరే తల్లులు, చేతిలో మేకప్ సంచీ, తలలో నిన్నటి పూలు, అక్కడ ఒక్క క్షణం ఆగేవారు. చదవడం వచ్చినవాళ్ళు తక్కువ. అందుకని మూడో తరగతి పిల్ల ఒకతె గోడ పక్కన నిలబడి వాళ్ళకి చదివి వినిపించేది, నేను రాయనివి కూడా నాలుగు కలిపి. ఆ పిల్ల తల్లి గ్రూపు డాన్సరు, ఎప్పుడూ చివరి వరసలోనే. ఎన్ని పాటల్లో ఆడినా ఆమె మొహం తెరమీద కనిపించిందని ఎవరూ అనగా వినలేదు. తన కూతురు మాత్రం చదువుకుని కుర్చీలో కూర్చునే పని చేయాలని ఆమెకి ఒకటే ఆశ. కనబడినప్పుడల్లా నా చెయ్యి పట్టుకునేది. "నా బతుకైతే ఎనక వరసల్నే అయిపాయె టీచరమ్మా, దాన్ని జర ముంగటికి తేండ్రి" అనేది.

ఇలా ఉండగా, మా బడిలో హాజరంతా దొంగ హాజరని, రాని పిల్లల్ని వచ్చినట్టు చూపిస్తున్నామని ఎవరో పైకి రాశారు. ఒక గురువారం పొద్దున పదకొండింటికి ఆఫీసరు స్వయంగా వచ్చి చూస్తారని, పిల్లలు కనబడకపోతే మా బడిని టోలిచౌకి వైపున్న ఇంకో బడిలో కలిపేస్తారని కబురొచ్చింది. కలిపేయడమంటే వినడానికి సొంపుగానే ఉంటుంది. కానీ మధ్యలో పెద్ద రోడ్డు, లారీలు, కొత్త కార్లు. పసిపిల్లలు ఒంటరిగా దాటలేరు. దాటించే తల్లులు తెల్లారకముందే పనికి పోయి పొద్దుగూకాక వస్తారు. మా బడి పోతే ఆ బస్తీ పిల్లలకి చదువు పోయినట్టే, అందులో సందేహమేమీ లేదు.

ఆ వారం గోడమీద మూడో తరగతికి గడియారం పాఠం రాశాను. నవ్వకండి, మా బడిలో గడియారమే లేదు. గంట అంటే వేలాడదీసిన రైలు పట్టా ముక్క, టైము అంటే పెద్దసారు చేతి వాచీ. మా ఆయన తెచ్చిన చొక్కాల అట్టపెట్టె చింపి గుండ్రంగా కోసి, చీపురు పుల్లలు ముళ్ళుగా గుచ్చి గడియారం చేశాను. చిన్న ముల్లు ముందు చూడాలి, పెద్ద ముల్లు తర్వాత చూడాలి అని సోమవారం మొదలుపెడితే, బుధవారానికి ఆ డాన్సరు కూతురు నేను పుల్లలు ఎలా తిప్పినా తడుముకోకుండా చెప్పేసింది. మిగతా పిల్లలకి కూడా తనే నేర్పింది. కిరాణా కొట్లో గడియారం చూడటానికని రోజూ లేనిపోని పనిమీద వెళుతోందని వాళ్ళమ్మ నవ్వుతూ ఫిర్యాదు చేసింది. టీచరు పనిలో అంతకన్నా సుఖం ఏముంటుంది చెప్పండి?

ఆ బుధవారం సాయంత్రమే ఏజెంటు దిగాడు. ఏజెంటంటే షూటింగులకి మనుషుల్ని తోలుకుపోయేవాడు. పొద్దున స్టూడియోలో బడి సీను ఉందట, యూనిఫారం ఉన్న పిల్లలు కావాలట. సొంత యూనిఫారం ఉంటే వాళ్ళకి బట్టలు కుట్టించే పని తప్పుతుంది, ఆ కిటుకు మా ఆయన చెప్పగా నాకు ముందే తెలుసు. పెద్దసారు షేక్‌పేటలోనే పుట్టి పెరిగిన మనిషి, మాట మెత్తన. అలాంటి ఆయన కూడా గట్టిగానే చెప్పారు: "రేపు మా బడికి ఆఫీసరొస్తుండు. పిల్లలు కావాల్నంటే ఎల్లుండి రా, నేనే ఎంబడి పట్టుకొస్త." సరేనంటూ ఏజెంటు నేరుగా బస్తీలోకి వెళ్ళాడు.

ఆ తల్లుల్ని నేను తప్పుపట్టను. ఏజెంటు మాట కాదంటే మర్నాటి నుంచి వాళ్ళని పనికి పిలవడు, పిలవకపోతే పొయ్యిలో పిల్లి లేవదు. పైగా "పదిన్నరకల్లా వదిలేస్తానమ్మా, పూచీ నాది. మీ ఆఫీసరు వచ్చేసరికి బడిలో ఉంటారు" అని ఒట్టు పెట్టాడట. చెప్పిన టైముకి ఏ షూటింగూ అవదని ఆ ఆడవాళ్ళకి తెలిసినంతగా లోకంలో ఇంకెవరికీ తెలియదు. జీవితమంతా ఆ ఎదురుచూపులోనే గడిపినవాళ్ళు వాళ్ళు. అయినా నమ్మారు. నమ్మక ఏం చేస్తారు?

గురువారం నేను ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్ళేసరికి గేటు ముందు ముగ్గేసి ఉంది, పెద్దసారు పూలదండ తెచ్చి పెట్టుకున్నారు. గదుల్లో మాత్రం వాచ్‌మన్ల పిల్లలు ఒకరిద్దరు తప్ప ఎవరూ లేరు. తెల్లారగానే అంతా వ్యానెక్కారని ఆయమ్మ చెప్పింది. పెద్దసారు అరుగుమీద కూలబడిపోయి, "నువ్వు పో అమ్మా, ఎట్లనన్న తోల్కరా. ఆఫీసరొస్తే నేను మాటల్ల వెడ్త" అన్నారు. ఆటో ఎక్కి గుట్టమీదికి పరుగెత్తాను. స్టూడియో గేటు దగ్గర వాచ్‌మన్ కదలనివ్వలేదు. మా ఆయన పేరు చెప్పి, ఆయన్ని తెలిసినవాళ్ళెవరో బయటికి వచ్చేదాకా ఎండలో నిలబడి, బతిమాలి లోపలికి అడుగుపెట్టేసరికి పదకొండు ఎప్పుడో దాటిపోయింది.

లోపల వేసిన క్లాసు గది మా బడి మొత్తంకన్నా పెద్దది. మెరిసే బెంచీలు, గోడలనిండా బొమ్మల పటాలు, బోర్డుకి పైన గుండ్రటి పెద్ద గడియారం. ఆ బెంచీల్లో మా పిల్లలు, మొహాలకి పౌడరు, తలలకి నూనె, బుద్ధిగా చేతులు కట్టుకుని. నేత చీర కట్టిన హీరోయిను టీచరుగా నిలబడి ఏదో అంటే మావాళ్ళు ఒకే గొంతుతో వంత పాడుతున్నారు. నా క్లాసులో ఏనాడైనా అంత బుద్ధిగా కూర్చున్నారా, వెధవలు! షాటు మధ్యలో విరామం ఇవ్వగానే అసిస్టెంటు డైరెక్టరు దగ్గరికి వెళ్ళి పిల్లల్ని పంపించమని చేతులు జోడించాను. పాపం ఆ కుర్రాడు మర్యాదస్థుడే. "మేడమ్, వీళ్ళందరూ షాట్లో పడిపోయారండీ. ఇప్పుడు పంపిస్తే కంటిన్యుటీ పోతుంది" అన్నాడు. ఆ మాట నాకు కొత్తేమీ కాదు, మా ఇంటి అన్నమే దానిమీద ఉడుకుతోంది. ఒకసారి కెమెరాకి కనబడిన చొక్కా సీను అయిపోయేదాకా మారకూడదు, కనబడిన మొహమూ కదలకూడదు.

మొదటి బెంచీలో డాన్సరు కూతురు కూర్చుని ఉంది. దాని దగ్గరికి వెళ్ళి, ఆఫీసరొస్తారని తెలిసి కూడా ఇక్కడ కూర్చున్నావేమిటే అని కోపం పట్టలేక గదిమాను. అది భయపడలేదు. గర్వంగా వేలెత్తి గోడమీద గడియారం చూపించింది.

"ఇంకా పది గూడ గాలే టీచరమ్మా. చిన్న ముల్లు పదికి జర ఇవతల ఉన్నది, పెద్ద ముల్లు తొమ్మిది మీదున్నది. పదిన్నరకు ఇడుస్తమన్నరు గదా. నేను పొద్దుగాల్నుంచి చూస్కుంటనే ఉన్న, అందరికి చెప్తనే ఉన్న."

అది చదివింది నిజమే, తప్పు లేదు. ఆ సీను పొద్దుటి పూట జరుగుతుంది కనుక ప్రతి షాటులోనూ అదే టైము కనబడాలని గడియారాన్ని ఆపి పెట్టారు. బయట మధ్యాహ్నమైపోయింది. ఆ పిల్ల మాత్రం నేను నేర్పినట్టే చిన్న ముల్లు ముందు, పెద్ద ముల్లు తర్వాత చూసుకుంటూ, బడికి టైముకి చేరాలని మిగతావాళ్ళకి ధైర్యం చెబుతూ అక్కడే కూర్చుంది. ఆ గడియారం నడవదే తల్లీ అన్నాను. "గడియారమన్నంక నడువదా?" అంది నా మొహంలోకి చూసి. నాకు ఏడుపాగలేదు. అంతమంది ముందు సిగ్గు విడిచి ఏడ్చాను.

పిల్లల్ని వదిలేసరికి సాయంత్రమైంది. ఆఫీసరు ఎప్పుడో వచ్చి వెళ్ళిపోయారు. మంచివారేనట, పెద్దసారు ఇచ్చిన చాయ్ తాగి, షూటింగు సంగతంతా విని, "కండ్లకు కనవడ్డదే రాయాలె గద సార్" అన్నారట. రాశారు. వేసవి సెలవులు ముగిసేసరికి మా బడి గేటుకి తాళం పడింది. పెద్దసారు దూరపు ఊరికి బదిలీ అయ్యారు. నా పని ఊడింది, అద్దాల మేడల ఆశతో వెలిసిన కాన్వెంటుల్లో ఒకదానిలో చేరి పసివాళ్ళకి టైలు కట్టాను. డాన్సరు తన కూతుర్ని రోడ్డు దాటించి కొన్నాళ్ళు పంపింది, తర్వాత కుదరలేదు. పిల్ల కూడా తల్లితోపాటు మేకప్ సంచీ మోస్తూ షూటింగులకి పోవడం మొదలుపెట్టింది. ఒకసారి కృష్ణానగర్ సందులో ఆ తల్లి ఎదురై, నన్ను చూసి మొహం తిప్పుకుని వెళ్ళిపోయింది.

ఆ సినిమా విడుదలైనప్పుడు తల్లులంతా పిల్లలకి తలలు దువ్వి హాలుకి తీసుకెళ్ళారు, నేనూ వెళ్ళాను. తెరకి దగ్గర బెంచీల్లో కూర్చుని, ప్రతి సీనుకీ ఇదే ఇదే అనుకుంటూ మెడలు నొప్పెట్టేదాకా చూశాం. బడి సీను రాలేదు. నిడివి ఎక్కువైందని కోసేశారని తర్వాత మా ఆయన కనుక్కుని చెప్పారు. హాలు ఖాళీ అవుతుంటే ఆ పిల్ల నా కొంగు పట్టుకుంది. "ఆఫీసరొస్తే బడిల లేకపోతిమి, సిన్మాల గూడ లేకపోతిమి. మరి ఆ దినం మేం యాడ ఉన్నట్టు టీచరమ్మా?" అని అడిగింది. పక్కనున్న పిల్లలు నవ్వారు. నేను దాని తల నిమిరి బయటికి నడిపించాను.

ఇప్పుడు మా బడి స్థలంలో కార్లు ఆపుకుంటారు, పక్కనే కాఫీ తాగే హోటలు. మా మనవరాలు తుమ్మినా దగ్గినా బడివాళ్ళు ఫోటో తీసి పంపిస్తారు. ఒక్క పూట ఏం చేసిందో తెలియకపోతే తల్లిదండ్రులు ఊరుకోరు, మంచిదే, అలాగే ఉండాలి. నా బడి పిల్లలది ఒక్క ఫోటో కూడా లేదు. ఆ వారం మూడో తరగతి పిల్లలు గడియారం చూడటం నేర్చుకున్నారు, చాలా బాగా నేర్చుకున్నారు. ఆ సంగతి చెప్పడానికి ఇప్పుడు నేనొక్కదాన్నే ఉన్నాను. నేను పోయాక అది చెప్పేవాళ్ళు కూడా ఉండరు.