చప్పుడాగితే పైకి రావాలి

బడిలో అందరికన్నా అడుగున ఉండేవాణ్ణి. ఇప్పుడు విశాఖలో నీళ్లలో మునిగి తెరచాప పడవల అడుగు గీకి బతుకుతున్నాను. కలిదిండి వైపు ఒకాయన కొల్లేట్లో తిప్పే తెరచాప పడవకు నాచు పట్టిందని కబురొస్తే వెళ్లాను. సముద్రంలో నా చేయి నాకు కనిపిస్తుంది. ఇక్కడి బురద నీళ్లలో అదీ లేదు.

పడవలో తోడు కూర్చున్న సత్యవతిగారు చేపలు పట్టే మనిషి. "గెడకర్రతో చెక్క మీద కొడుతూ ఉంటానండీ. చప్పుడాగిందంటే పైకొచ్చేయండి. మా వాళ్లందరికీ అదే గుర్తు" అన్నారు.

ఊపిరి బిగబట్టి గీకుతుంటే చప్పుడాగిపోయింది. అప్పుడే కాలికేదో చుట్టుకుంది. ప్రాణభయంతో తన్నుకుంటూ పైకి తేలి, పడవ అంచు పట్టుకున్నాను. చూస్తే కాలికున్నది నీళ్లలో పెరిగే తూటి తీగ.

"ఎందుకాపారండీ? పామా?"

"పామేం లేదండీ. మీరెంతకీ రావట్లేదని నాకే భయమేసింది."

"భయమెందుకండీ, నాకిది అలవాటే!"

"అలాగాండీ? అయితే ఆ అంచు వదలండి, పడవ వణికిపోతోంది."