ఒక్క పల్లు తేడా

రాయచోటిలో ఎవరి బండి మొరాయించినా హుసేన్ వలి రావాల్సిందే. చదువు సున్నా. ఇంజను మీద చెవి పెట్టి రోగం చెప్పేసేవాడు. అంతటి మనిషి పందొమ్మిది వందల యాభై ఆరులో, ఆయుధపూజ రోజున, ఒక్క లెక్క తప్పాడు.

ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క టాక్సీ కంబన్నది. దాని ఇంజనును తాళం తప్పకుండా ఆడించే టైమింగ్ చైను సాగిపోతే మదరాసు నుంచి కొత్తది తెప్పించారు. చైను తిరిగే పళ్ళచక్రాల మీద కంపెనీ గుర్తులు ఎప్పుడో అరిగిపోయాయి. ఏ పల్లు ఎక్కడ కుదరాలో వలి తన వక్కాకు సున్నంతో చుక్కలు పెట్టుకుని, చక్రాలు ఊడదీసి, నమాజుకు వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి అవి తళతళా మెరుస్తున్నాయి. కంబన్న భార్య మహాదేవమ్మ కిరసనాయిలుతో సున్నపు చుక్కలతో సహా శుభ్రంగా కడిగి కుంకుమ బొట్లు పెట్టింది.

“పండగపూట ఇనుము మురికిగా ఉంటే ఎట్లన్నా?” అందామె. పాపం, ఆమెను ఏమని తిడతాడు!

అంతలో వలి పక్కింటి సైదమ్మ పరుగున వచ్చింది. “వలీ, నీ పెండ్లాం నెత్తురు కక్కుతాంది! కడప ఆసుపత్రికి ఇప్పుడే తీసుకపోవాలంట!”

బస్సు వెళ్ళిపోయింది. ఉన్నది ఈ విప్పిన కారే. గుర్తుల్లేకున్నా పళ్ళు కుదర్చవచ్చు. ప్లగ్గు రంధ్రంలో పుల్ల పెట్టి, పిస్టన్ పైకొచ్చేదాకా ఓపిగ్గా చూసుకోవాలి. ఆ ఓపిక ఎక్కడ్నుంచి తెస్తాడు? అంచనా మీద బిగించేశాడు.

భార్య లాల్ బీని వెనక సీట్లో పడుకోబెట్టారు. రెండు మైళ్ళు పోకముందే వలి చెవికి తెలిసిపోయింది, ఒక్క పల్లు తప్పింది. మిట్ట సగం ఎక్కి కారు ఆగిపోయింది. ఎంత తోసినా కదల్లేదు.

“మళ్ళీ విప్పుదామా మామా?” అన్నాడు కంబన్న.

“విప్పక ఛస్తామా!”

రెండు గంటల పని. ఎండ మాడ్చేస్తోంది. ఈసారి పుల్ల పెట్టి చూశాడు. వెనక మూలుగు వినబడుతున్నంతసేపూ, “అయిపోయింది లాల్ బీ, వస్తాండా” అంటూనే ఉన్నాడు. ఆఖరి బోల్టుల దగ్గర మూలుగు ఆగింది. తిరిగి చూస్తే చేతులు చచ్చుబడతాయని చూడలేదు. బిగించాడు. హ్యాండిల్ ఒక్క తిప్పు తిప్పగానే ఇంజను అందుకుంది. ఇంత బాగా అది ఏనాడూ ఆడలేదు.

కంబన్న వెనక సీటు వైపు చూశాడు. స్టీరింగు పట్టుకుని భోరుమన్నాడు.

“యాడికి పోదాం మామా?”

వలి ఊరివైపు చెయ్యి చూపించాడు.