హరిదళం మీద కొసరు

మా అమ్మకు తెల్లమచ్చలు మొదట వేళ్ళ కొసల్లో పుట్టాయి. పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు అవి మణికట్టు దాటాయి. అప్పుడు మాకు శేరిలింగంపల్లిలో కిరాణా దుకాణం ఉండేది. నాయిన సరుకు తెచ్చి పడేసేవాడు, తక్కెడ దగ్గర కూర్చునేది అమ్మే. బొల్లికీ కుష్ఠుకూ తేడా తెలిసినవాళ్ళు ఊళ్ళో తక్కువ. తెలిసినవాళ్ళు కూడా బెల్లం దగ్గరికి వచ్చేసరికి మరిచిపోయేవాళ్ళు.

"నువ్వు కూసో వదినా, అన్న జోకుతడు తియ్," అనేది ఎదురింటామె.

"మీ అన్న జోకితే సేరుకు పిడికెడు తక్కువొస్తదే," అని నవ్వేది అమ్మ. ఎదురింటామె నవ్వేది కాదు.

ఒకరోజు నాయిన తేల్చేశాడు. "దసరా దాకా సూస్త. మచ్చలు పోకుంటే ఇగ నువ్వు తక్కెడ ముట్టకు. గిరాకీ అంత పక్క దుకాణానికి పోతున్నది."

ఇంట్లో అమ్మ నోట పట్టుమని పది మాటలు వచ్చేవి కావు. ఆమె మనిషయ్యేది తక్కెడ దగ్గరే. ఆ చోటు పోతే ఇంకేం మిగులుతుంది?

నాకు పదిహేడేళ్ళు. బేరంలో నన్ను మించినవాళ్ళు లేరని ఊరు అనేది. ఊరికంటే ఎక్కువసార్లు నేనే అనేదాన్ని. వైద్యుడు హరిదళం పూయమన్నాడు, పసుపుపచ్చటి రాయి. సరుకుకు వెళ్తున్న నాయిన వెంట రైలెక్కి బేగంబజారు పోయాను.

మందుల దుకాణం ముసలాయన తులం రాయి తూచి హెచ్చరించాడు. "ఇది విషం బిడ్డా. జొన్నగింజంత ఆవుపంచితంల నూరి పెట్టాలె. చుర్రుమనంగనే కడగాలె."

నేను కొసరు అడిగాను.

"మందుకు కొసరుంటదా? ఇదేమన్న బెల్లమా?"

"మేం ఉప్పుకు గూడ ఏస్తం గద చాచా. గంత దూరం నుంచొచ్చినం."

"నీతోటి పరేషాన్ అయితున్న," అంటూ ఇంకో పలుకు చిదిమి వేరే పొట్లం కట్టాడు. "దాసుకో. ఒక్కపారే వాడేవు, పైలం."

కోట గెలిచినదానిలా తిరుగు రైలెక్కాను.

మా ఇంట్లో కొసరును దాచే అలవాటు లేదు. కొలిచి ఇచ్చినది అమ్మినవాడి దయ, కొసరు మన తెలివి. అది ఊరికే పడి ఉంటే మాకు ముద్ద దిగదు. పైగా దసరా పన్నెండు రోజుల్లోకి వచ్చింది. జొన్నగింజంత రాయి తీసి, ఆ పలుకంతా దాంట్లో వేసి నూరాను. అమ్మ రెండు చేతులకూ మందంగా పట్టించి ఎండలో కూర్చోబెట్టాను.

"మండుతున్నదే బిడ్డా."

"మండితేనే పనిచేస్తున్నట్టు. జర ఓర్సుకో." సరుకు మీద మాట పడనివ్వని అమ్మకందారు గొంతు నాది.

అమ్మ ఓర్చుకుంది. గోడ నీడ వాకిలి సగం దాటేదాకా ఓర్చుకుంది. సాయంత్రానికి చేతులు బొబ్బలెక్కాయి. మూడోనాడు కట్టిన గుడ్డ విప్పితే గుడ్డతోపాటు తోలు వచ్చింది.

దవాఖానలో డాక్టరు కోపంగా, "ఎవరు పెట్టిన్రు ఇంత?" అన్నాడు. నేను నాయిన వంక చూశాను, ఆయనేదో చేసినట్టు.

"నేనే పెట్టుకున్న," అంది అమ్మ.

పుండ్లు మానేసరికి దసరా దాటిపోయింది. మానిన చోటల్లా మునుపటికంటే తెల్లగా తేలింది. కుడిచేతి వేళ్ళు రెండు ముడుచుకోవడం మానేశాయి. తక్కెడ దగ్గర నాయిన నన్ను కూర్చోబెట్టాడు. బేరం బాగా వచ్చినదాన్ని కదా. అమ్మకు మాత్రం తినని సరుకు ఒకటి మిగిలింది, దీపాల గాసునూనె. దుకాణం పక్క సందులో ఆ డబ్బా, ఒక గరాటు, ఒక పీట వేశారు.

వచ్చినవాళ్ళు సీసా నేల మీద పెట్టి రెండడుగులు వెనక్కి జరిగేవాళ్ళు. అమ్మ మాట్లాడకుండా నింపి, మళ్ళీ నేల మీదే పెట్టి, తనూ రెండడుగులు వెనక్కి జరిగేది.