పచ్చ చుక్కకు రిలీవర్

ఆ రోజుల్లో మనిషి విలువంతా అతని పేరు పక్కన వెలిగే ఒక చుక్కలో ఉండేది. ఆవగింజంత చుక్క. పచ్చగా ఉంటే ఆ మనిషి పనిచేస్తున్నట్టు. ఐదు నిమిషాలు మౌస్ కదలకపోతే అది పసుపు రంగుకు మారేది, అంటే ఆ మనిషి కునుకు తీస్తున్నట్టు. ఆఫీసులన్నీ మూతపడి, ఎవరింట్లో వాళ్ళం మంచం మీదో వంటగది బల్ల మీదో లాప్‌టాప్ పెట్టుకుని ఉద్యోగాలు వెలగబెడుతున్న కాలం అది. ఊరికే మౌస్ ఆడిస్తూ కూర్చున్నవాడు కష్టజీవి, చేతులు కట్టుకుని బుర్ర బద్దలు కొట్టుకునేవాడు సోమరి. ఆలోచించేటప్పుడు మనిషి చేతులు ఆగిపోతాయన్న సంగతి ఆ చుక్కను కనిపెట్టినవాడికి ఎవరూ చెప్పినట్టు లేదు, లేదా వాడికి ఆ అనుభవం లేదు. ఇప్పటికీ రోడ్డు మీద పసుపు లైటు పడితే నా కుడిచెయ్యి దానంతటదే దేనికోసమో వెతుక్కుంటుంది.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. హైదరాబాదు కంపెనీలో మొదటి ఉద్యోగం, అదీ ఆరు నెలల ప్రొబేషన్. ఆరు నెలలూ పచ్చగా గడిస్తే ఉద్యోగం ఖాయం చేస్తారు, లేకపోతే ఇంటికి పొమ్మంటారు (అప్పటికే ఇంట్లోనే ఉన్నాను కాబట్టి ఎక్కడికి పొమ్మంటారో నాకు అర్థమయ్యేది కాదు). మా మేనేజరు గుంటూరు వైపు మనిషి. గంటకోసారి "పింగ్ చేశాను, చూళ్ళేదా?" అనేవాడు కాబట్టి మాలో మేము ఆయన్ని పింగ్ సార్ అనుకునేవాళ్ళం. మా నాన్న బెంగాల్లోని ఖరగ్‌పూర్ అవతల ఒక లెవెల్ క్రాసింగ్‌లో గేట్‌మన్‌గా చేసి రిటైరై అప్పటికి ఏడాది. ట్రాఫిక్ అనే పేటలో రైల్వే క్వార్టర్ ఖాళీ చేసి సుభాష్‌పల్లిలో రెండు గదుల అద్దె ఇంట్లోకి దిగాం. సర్వీసంతా గేటు వేసి తీసిన చేతులకు ఇక మిగిలింది మా వాకిలి గేటు ఒక్కటే. ఎవరొచ్చినా రాకపోయినా దాన్ని రోజుకు పదిసార్లు తీసి వేసేవాడు. నాకు నవ్వొచ్చేది. అప్పట్లో నాకు చాలా విషయాలకు నవ్వొచ్చేది.

నా అసలు జీవితం వేరే చోట ఉండేది. ఐదుగురం జట్టుగా ఆడే ఒక ఆన్‌లైన్ ఆట. అందులో నేను వైద్యుణ్ణి. మిగతా నలుగురూ కాల్చుకుంటూ పొడుచుకుంటూ ముందుకు పోతే, నేను వెనకాల తిరుగుతూ పడిపోయినవాళ్ళని లేపుతుండేవాణ్ణి. నేను తెలివైనవాణ్ణనీ, అవసరమైనవాణ్ణనీ నాకు అనిపించిన చోటు అదొక్కటే. ఆఫీసులో ఎవరో రాసిపారేసిన కోడ్‌లో తప్పులు వెతకడం నా పని. వెతికినా ఎవరూ మెచ్చుకోరు, వెతక్కపోతే పింగ్ సార్ ఊరుకోడు. ఆటలో అలా కాదు, ఒకణ్ణి బతికిస్తే వాడు "థాంక్స్ బ్రో" అంటాడు. పైగా ఆటలో నీతి ఉంది. మ్యాచ్ మధ్యలో జట్టును వదిలి పోవడం మా లోకంలో మహాపాపం. అలా పోయినవాళ్ళ మీద ఫిర్యాదు నొక్కడంలో నేనే ముందుండేవాణ్ణి. (ఉద్యోగం మధ్యలో వదిలి పోవడం గురించి నాకు అంత పట్టింపు ఉండేది కాదు.) మా అమ్మ మాత్రం, "ఏటిరా ఆ తుపాకుల గోల, సదువుకున్నోడివి కాదేటి" అని తలుపు దగ్గరగా వేసి పోయేది.

ప్రొబేషన్ ముగియడానికి ఇంకా రెండు వారాలుందనగా మా జట్టు ఒక పోటీలో సెమీఫైనల్‌కు వచ్చింది. మ్యాచ్ బుధవారం మధ్యాహ్నం రెండింటికి. మా ఇంట్లో నెట్ ఆటకు చాలదు, ఊళ్ళోనే పూరీ గేట్ అనే పేటలో ఉన్న స్నేహితుడి ఇంటికి పోవాలి. ఆఫీసు లాప్‌టాప్‌ను మా ఇంటి నెట్‌తో తప్ప పనిచేయకుండా కట్టేశారు. ప్రొబేషన్‌లో సెలవడగడానికి ధైర్యం లేదు. ముందు మౌస్‌ను దారంతో టేబుల్ ఫ్యానుకు కట్టి చూశాను. ఫ్యాను ఒక్కసారి తల తిప్పి, మౌస్‌ను బల్ల మీంచి లాగి గోడకేసి కొట్టింది. ఇక మిగిలింది మా నాన్న.

"నాన్నా, నాకో మూడు గంటలు పూరీ గేట్‌లో పనుంది. ఈ పచ్చ చుక్క ఆరకుండా సూడాల. నాలుగు నిమిషాలకోసారి మౌస్ కదిపితే సాలు" అన్నాను. వాకిట్లో పేపరు చదువుకుంటున్న మనిషి కళ్ళజోడు తీసి నన్ను చూశాడు. "మీ సార్‌కి తెలుసునేటి?" అన్నాడు. "తెలుసు, సెప్పినాను" అన్నాను. అంత చిన్న అబద్ధానికి అంత పెద్ద ఫలితం ఉంటుందని అప్పుడు తెలియదు. ఆయన లేచి మొహం కడుక్కున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, రిటైరైన దగ్గర్నుంచి పెట్టెలోనే ఉన్న చేతివాచీ పెట్టుకున్నాడు. గీతల నోట్‌బుక్ ఒకటి తెచ్చి, స్కేలుతో గడులు కొట్టి, తేదీ వేసి నా ముందు పెట్టాడు. "చార్జ్ ఇస్తున్నట్టు సంతకం పెట్టు. టైము కూడా ఎయ్యి." గేటు దగ్గర అంతే మరి. తర్వాతి డ్యూటీకి దిగే మనిషి, అంటే రిలీవర్, వచ్చి పుస్తకంలో సంతకం పెడితే తప్ప, ఇంట్లో ఏం జరిగినా సరే, డ్యూటీ మనిషి కుర్చీ వదలకూడదు. "మూడు గంటల పనికి ఇదంతా ఏటి నాన్నా" అని నవ్వుతూ ఒంటిగంటా పదికి సంతకం గిలికి, సైకిలెక్కి పోయాను.

తర్వాత జరిగింది మా టీములో ఒకతను చెప్పాడు, చెప్పేటప్పుడు నవ్వలేక చచ్చాడు. రెండుంపావుకు నేను చూసే ప్రోగ్రాం పడిపోయింది. పింగ్ సార్ క్లయింటుతో సహా అందర్నీ కాల్‌లోకి లాగి నాకు మోగించాడు. గేటులో ఫోను మూడో రింగు లోపల ఎత్తాలి కాబట్టి మా నాన్న ఆ పచ్చ బటన్ నొక్కేశాడు. పదకొండు మంది ముందు ఇస్త్రీ చొక్కాతో, నిటారుగా, ఒక పెద్దాయన ప్రత్యక్షమయ్యాడు. "నమస్తే సార్. బాబు ఒకటీ పదికి నాకు చార్జ్ ఇచ్చి పూరీ గేట్ ఎల్లినాడు. రిలీవర్‌ని నేనే మాటాడతన్నాను. మెసేజీ సెప్పండి, రాసుకుంటాను" అన్నాడట. పింగ్ సార్ తేరుకుని, "సర్వర్ పడిపోయింది, వెంటనే రమ్మనండి" అన్నాడు. మా నాన్న ఆ మాటలు రాసుకుని, తిరిగి చదివి వినిపించి, "ప్రైవేట్ నంబర్ ఇవ్వండి సార్" అని అడిగాడు.

తెలియనివాళ్ళకు చెప్పాలి. స్టేషన్ మాస్టరు బండి వస్తోందని గేటుకు ఫోను చేసినప్పుడు, ఆ మాట జరిగిందనడానికి గుర్తుగా ఇద్దరూ నంబర్లు చెప్పుకుని పుస్తకంలో రాసుకుంటారు. నంబరు లేని మాట మాట కాదు. "నంబరేంటండీ?" అన్నాడు పింగ్ సార్. "నంబర్ నేకపోతే ఎలాగ సార్? రేపు ఎవులైనా అలాటిదేం జరగనేదు అన్నారంటే?" అన్నాడు మా నాన్న. వదిలించుకోవడానికి పింగ్ సార్ పదిహేడు అన్నాడు. మా నాన్న పదిహేడు అని రాసుకున్నాడు.

ఆ సమయానికి నేను ఫోను ఆపేసి, పూరీ గేట్‌లో మూడోసారి మా కెప్టెన్‌ను బతికిస్తున్నాను. కుర్చీ వదలడానికి మా నాన్నకు వీల్లేదు కాబట్టి మా అమ్మ గొడుగేసుకుని టోటో అనే బ్యాటరీ రిక్షా ఎక్కి వచ్చింది. "ఒరే, మీ సార్ ఫోన్ చేసినాడట! అక్కడేదో పడిపోనాదట! ఎవులికైనా దెబ్బలు తగిలినాయేటి?" అని గుమ్మంలోనే అరిచింది. నేను హెడ్‌ఫోన్ పడేసి పరిగెత్తాను. వైద్యుడు లేని జట్టు నాలుగు నిమిషాల్లో చచ్చింది. నలుగురూ నామీద ఫిర్యాదు నొక్కారు. ఆ తర్వాత వాళ్ళెవరూ నాతో ఆడలేదు.

ఇంటికి వచ్చేసరికి మా నాన్న అదే కుర్చీలో, అదే నిటారుగా, చెయ్యి మౌస్ మీద పెట్టుకుని ఉన్నాడు. మంచినీళ్ళ గ్లాసు పెట్టింది పెట్టినట్టే ఉంది. నోట్‌బుక్‌లో రెండు పేజీల నిండా టైములు. "ఒక్కపాలి కూడా పసుపు అవనివ్వనేదు. మెసేజీ రెండూ ఇరవైకి వచ్చినాది, నంబర్ పదిహేడు. చార్జ్ తీసుకుంటున్నట్టు సంతకం పెట్టు బాబూ" అని పుస్తకం నా వైపు తిప్పాడు. ఎంత గర్వంగా తిప్పాడో నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. నేను ఆ పుస్తకాన్ని తోసేశాను. "నిన్ను మౌస్ కదపమన్నాను గాని నోరు కదపమన్నానేటి? నా ఉద్యోగం తీసీసినావు కదా!" అని అరిచాను. ఆయన పుస్తకం తన వైపు లాక్కున్నాడు. "సార్‌కి తెలుసు అన్నావు కదా" అని మాత్రం, నాకు కాకుండా గోడకు చెప్పినట్టు అన్నాడు.

పింగ్ సార్‌కు ఫోను చేశాను. అసలు నవ్వాల్సిన ఘట్టం ఇదే, కానీ రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది. "ఎవరాయన? నువ్వు చార్జ్ ఇచ్చి వెళ్ళిపోయావంటాడేంటి?" అని ఆయన అడగ్గానే, మా నాన్నకు అర్థం కాకుండా ఉండాలని ఇంగ్లీషులోకి దిగాను. మా ఫాదర్ రిటైరైన దగ్గర్నుంచి మెంటల్లీ నాట్ వెల్ సార్, ఇంకా గేటు డ్యూటీలోనే ఉన్నాననుకుంటారు, మందుల కోసం పది నిమిషాలు బయటికి వెళ్ళాను, ఆయన చెప్పినవేవీ నిజం కాదు అన్నాను. ఎంత ధారాళంగా వచ్చిందో ఆ ఇంగ్లీషు! ఇంటర్వ్యూలో కూడా అంత బాగా రాలేదు. (రైల్వే నిబంధనల పుస్తకం ఇంగ్లీషులోనే ఉంటుందనీ, ఆయన దాన్ని చదివి పరీక్షలు పాసైన మనిషనీ నాకు అప్పుడు గుర్తుకు రాలేదు.) పింగ్ సార్ గొంతు కరిగిపోయింది. "అయ్యో, ముందే చెప్పొచ్చు కదయ్యా. పెద్దవాళ్ళను అలా చూసుకుంటూ పనిచేస్తున్నావంటే గ్రేట్" అన్నాడు. ఫోను పెట్టి వెనక్కి తిరిగేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. వాకిలి గేటు వేసిన చప్పుడు వినిపించింది.

రెండు వారాలకు ఉద్యోగం ఖాయమైంది. మా అమ్మ ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పి దేవుడికి కృతజ్ఞతలు తెలిపింది. నేను తల వంచుకుని కూర్చున్నాను, అందరూ అది భక్తి అనుకున్నారు. ఆ తర్వాత మొదలైంది నా శిక్ష. పింగ్ సార్ చెడ్డవాడైతే బాగుండేది, మంచివాడు. ప్రతి శుక్రవారం కాల్ చివర్లో "నాన్నగారికి ఎలా ఉంది?" అనేవాడు. ఒక వారం "కొంచెం నయం సార్" అని, ఒక వారం "నిన్న మళ్ళీ గేటు జెండా వెతికారు సార్" అని చెప్పాల్సి వచ్చేది. పక్క గదిలో ఆ మనిషి బియ్యంలో రాళ్ళు ఏరుతుండేవాడు. నా మీటింగు మొదలైతే చాలు, చెప్పకుండానే లేచి వాకిట్లోకి పోయేవాడు. క్రిస్మస్‌కు కంపెనీవాళ్ళు ఒక పెట్టె పంపారు. నిండా బాదంపప్పు, పైన కార్డు: నాన్నగారి జ్ఞాపకశక్తి త్వరలో మెరుగుపడాలని కోరుతూ. దాచేలోపే మా నాన్న చదివేశాడు. ఒక పప్పు నోట్లో వేసుకుని నిదానంగా నమిలాడు. "జ్ఞాపకం బాగానే ఉన్నాది బాబూ" అన్నాడు. నాకు చచ్చిపోవాలనిపించింది. క్షమించమని ఒక్క మాట అంటే అయిపోయేది. అనలేదు. మా మేనత్త ఇంటికి వస్తే ఆ బాదంపప్పు పళ్ళెంలో పెట్టి, "మా వోడి కంపెనీవోళ్ళు ఇచ్చినారు" అని చెప్పింది కూడా ఆయనే.

ఐదేళ్ళు ఆ చుక్కను పచ్చగా కాపాడాను. ఆట మానేశాను, జట్టు లేదు కదా. పింగ్ సార్ ఉద్యోగం నాకంటే ముందే పోయింది, ఒక ఉదయం ఆయన చుక్క బూడిద రంగైంది, అంతే. ఈ మధ్య ఒక మంగళవారం పదకొండున్నరకు, నేను ఒక వాక్యం సగం టైప్ చేస్తుండగా తెర నల్లబడి లాప్‌టాప్ బిగుసుకుపోయింది. ఉద్యోగం తీసేశామని ఫోనుకు ఉత్తరం వచ్చింది, కింద మనిషి పేరు కూడా లేదు. చాలాసేపు మౌస్ కదుపుతూ కూర్చున్నాను, అలవాటు కొద్దీ. మా నాన్న గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఐదేళ్ళలో నా పని వేళల్లో ఆ గుమ్మం దాకా రావడం అదే మొదలు.

"ఏటయినాది?"

"తీసీసినారు నాన్నా."

"రిలీవర్ ఎవులొచ్చినారు?"

"ఎవులూ రానేదు."

"మరి చార్జ్ ఎవులికిచ్చినావు?"

"ఎవులికీ నేదు. మధ్యలోనే ఆపీసినారు."

నన్ను తిడతాడనుకున్నాను. ఆయన మొహం ఎర్రబడింది. "అదేటి పద్ధతి! డ్యూటీలో ఉన్న మనిషిని సంతకం నేకుండా దింపీడమేటి! ఆళ్ళకి మతుందా?" అని నాకోసం, నా కంపెనీ మీద, గది దద్దరిల్లేలా అరిచాడు. మతి అన్న మాట ఆయన నోటి నుంచి రాగానే నేను ఏడ్చాను. ఐదేళ్ళ కింద ఇంగ్లీషులో అన్నదానికి ఆ పూట తెలుగులో క్షమాపణ చెప్పాను. సరిగ్గా చెప్పలేకపోయాను, ముక్కు కారుతోంది.

ఆయన లోపలికి పోయి పెట్టె తెరిచి ఆ నోట్‌బుక్ తెచ్చాడు. నేను గిలికిన సంతకం, రెండు పేజీల టైములు, నంబర్ పదిహేడు. కింద ఒక గడి మాత్రం ఖాళీగా ఉంది. "ముందు నువ్వు చార్జ్ తీసుకో. అప్పుణ్ణుంచీ నా మీదే ఉండిపోనాది" అన్నాడు. ఈసారి గిలక్కుండా, పేరు పూర్తిగా రాసి సంతకం పెట్టాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని చూశాడు. "టైము ఎయ్యనేదు."

"ఏ టైము ఎయ్యను నాన్నా?"

"నువ్వు ఎప్పుడొస్తే అదే టైము. దొంగ టైము ఎయ్యకూడదు."

పన్నెండూ ఐదు అని వేసి, పక్కన ఆ మంగళవారం తేదీ కూడా వేశాను. ఒంటిగంటా పదికి బయల్దేరినవాడు తిరిగి రావడానికి ఐదేళ్ళు పట్టినట్టు ఆ పుస్తకంలో స్పష్టంగా ఉంది, చూసి ఇద్దరికీ నవ్వొచ్చింది. మా నాన్న పుస్తకం మూసి, ఐదేళ్ళుగా పెట్టుకునే ఉన్న చేతివాచీ విప్పి బల్ల మీద పెట్టాడు. "డ్యూటీ అయిపోనాది, అన్నం పెట్టు" అని వంటగదిలోకి కేకేశాడు.