కూర్చునే పనే కదా

సుభాషిణికి ఎడమ కణతలో నొప్పి మొదలైతే వెలుగు చూడలేదు, అన్నం వాసన భరించలేదు. పదకొండేళ్లుగా ఇదే తంతు. కొల్లంలో మా జీడిపప్పు ఫ్యాక్టరీలో, పొట్టు తీసే షెడ్డులో ఆమెది నా పక్క పీట. స్నానం కాగానే మాడున రాస్నాది పొడి రుద్దుకోమని ఒకరు, నుదుటికి చందనం పట్టు వెయ్యమని ఒకరు. సలహా చెప్పనివాళ్లు లేరు. పది నిమిషాలు కళ్లు మూసుకోనిచ్చినవాళ్లూ లేరు.

ఈ వానాకాలం ఉన్న సెలవంతా పెట్టి, మాధవన్ వైద్యర్ దగ్గర ఏడు రోజులు ముక్కులో తైలం వేయించుకుంది. నొప్పి తగ్గింది. చివరి రోజు ఆయన చీటీ రాసిచ్చాడు: ఇంకో ఏడు రోజులు నల్లిరిక్క. చికిత్స ఎన్నాళ్లో తర్వాతి విశ్రాంతీ అన్నాళ్లే. ఎండ, పొగ, వంగి చేసే పని పనికిరావు. కాదంటే నొప్పి తిరగబెడుతుందన్నాడు.

చిక్కంతా ‘నల్లిరిక్క’ అన్న మాటతోనే. వైద్యులకది చికిత్స తర్వాతి విశ్రాంతి; మలయాళంలో విడదీస్తే దానర్థం ‘బాగా కూర్చోవడం’. అత్తగారు గోమతమ్మ విడదీసే చూసింది.

“కూర్చోమన్నాడుగా. ఈ కొబ్బరి కోరు. కూర్చునే పనే కదా.”

“వంగకూడదన్నారమ్మా.”

“వంగకు. పీట ఎత్తు చేయిస్తాలే.”

కొబ్బరి అయ్యాక చిన్నుల్లిపాయలు వచ్చాయి. ఆ తర్వాత మొగుడు శశిధరన్ గుండీ ఊడిన చొక్కా తెచ్చాడు. మూడో రోజుకే కణత మళ్లీ లాగడం మొదలైంది.

నాలుగో రోజు ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ తంగప్పన్ కబురు పెట్టాడు. తోడుగా నేనూ వెళ్లాను. చీటీ చదివి నవ్వాడు.

“ఇక్కడ నిన్ను నిలబెట్టామా సుభాషిణీ? పొట్టు తీసేది కూర్చునేగా. కావాలంటే దిండు తెచ్చుకో.”

“పొగ వద్దని కూడా రాశారు సార్. ఆ ముక్క చదవలేదా?” అన్నాను.

“పొగ లేకుండా పప్పెక్కడ వేగుతుంది?”

నాకు ఒళ్లు మండింది. ముక్కులో తైలం పోయించడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. ఆడది ఏడు రోజులు ఊరికే ఉండాలనేసరికి అందరికీ వ్యాకరణం గుర్తొస్తుంది.

అటునుంచి అటే వైద్యశాలకు నడిచాం.

“వైద్యరే, మాట మార్చి రాయండి. కూర్చోవడం వద్దు, పడుకోవడం అని రాయండి,” అంది సుభాషిణి.

“అట్లా ఎవరూ రాయరమ్మా. తాతలనాటి మాట అది.”

“ఆ మాట రాయించుకున్న తాతలు కొబ్బరి కోరలేదండి. కోరినవాళ్లకి వైద్యం చేసినవాళ్లు లేరు.”

వైద్యర్ పాత చీటీ చించి కొత్తది రాశాడు: ఈ రోజు మొదలు ఏడు రోజులు పడక. చేతికి ఏ పనీ ఇవ్వరాదు.

తంగప్పన్ దాన్ని తిప్పి తిప్పి చూశాడు. ఇంకో అర్థం దొరక్క సెలవుకు సంతకం పెట్టాడు. గోమతమ్మ మాత్రం రెండుసార్లు పైకి చదువుకుంది.

“పడుకుని ఉల్లిపాయలు ఒలవలేవా?”

సుభాషిణి గదిలోకి వెళ్లి లోపల గడియ పెట్టుకుంది.

“ఏడు రోజులూ తీయవా?” బయటనుంచి అత్తగారి గొంతు.

“అన్నం పెట్టడానికైతే తీస్తాను. పని చెప్పడానికైతే తీయను.”